ఆకు సిగ

"విగ్గుని గొడుగుల స్టాండుకి ఎవరు తగిలించారు?"

మియొరి గొంతు వీధి గుమ్మం దగ్గర్నుంచి వంటింటి దాకా వచ్చింది. ముల్లంగి తరుగుతున్న కినుయో చెయ్యి ఆపలేదు. ఎవరు తగిలించారో ఇంట్లో నలుగురికీ తెలుసు. అరిచిన పిల్లకి కూడా తెలుసు.

"నేనే," అన్నాడు తాతయ్య ఇసోకిచి, పేపరు దించకుండా. "అన్నం కుక్కర్ మీద వెంట్రుకలు ఆరేస్తే నేనేం తినాలి?"

"మీద కాదు తాతయ్యా, పక్కన. వానల తేమకి సిగ ఆకు వాలిపోతోంది. కాస్త వెచ్చగా ఉంటుందని పెట్టాను."

"వాలిపోనీ."

"గొడుగుల నీళ్ళన్నీ దీనికే కారాయి, చూడండి!"

"గొడుగూ నెత్తి మీదదే, విగ్గూ నెత్తి మీదదే. రెండూ ఒకచోటే ఉండాలి."

ఇంకో రోజైతే ఆ మాటకి కినుయో నవ్వేది. భర్త మసునోరి అయితే ఇల్లు అదిరేలా నవ్వేవాడు. ఇవాళ మసునోరి స్నానాల గదిలోంచి బయటికి వచ్చి, తలుపు వారగా నిలబడి, కూతురి చేతిలో తడిసి ముద్దయిన విగ్గుని చూసి ఊరుకున్నాడు. నూట నలభై కిలోల మనిషి అంత చప్పుడు లేకుండా నిలబడగలడని పెళ్ళయిన కొత్తలో కినుయోకి తెలియదు.

"మీ ఆయనతో చెప్పు," అన్నాడు ఇసోకిచి కూతురితో. "తువ్వాలు కావాలంటే బీరువాలో ఉంది, ఆ విగ్గు తుడుచుకోవడానికి."

"ఆయన ఇక్కడే ఉన్నారు నాన్నా. మీరే చెప్పండి."

ఇసోకిచి పేపరు తిప్పాడు.

మామా అల్లుళ్ళకి మాటల్లేక ఇది నాలుగో రోజు. హోటల్ వాళ్ళు ఆ విగ్గుని ఆదివారం పంపారు. మూడు నెలలుగా మసునోరి నది అవతలి హోటల్లో, రెండో అంతస్తు విందు హాల్లో, పగలు పదకొండు గంటలకి విదేశీ ప్రయాణికులకి సుమో ఆడి చూపిస్తున్నాడు. ఇన్నాళ్ళూ బోడి తలతోనే ఆడాడు. అతిథులు దూది కుక్కిన బొద్దు దుస్తులు తొడుక్కుని ఆయన్ని నెట్టేవాళ్ళు, ఆయన పడిపోయేవాడు, అందరూ చప్పట్లు కొట్టి కోడి పులుసు తాగేవాళ్ళు. దానికి ఇసోకిచి ఏమీ అనలేదు. మనిషన్నాక ఏదో ఒక పని చెయ్యాలి కదా అన్నాడు.

కాని ఆ విగ్గు మామూలు సిగ కాదు. ముందు భాగం విసనకర్రలాంటి గింకో చెట్టు ఆకులా విచ్చుకుని ఉండే పెద్ద సిగ. సుమోలో పై రెండు శ్రేణుల మల్లులకి మాత్రమే దక్కే సిగ. నలభై ఆరేళ్ళు తాలింఖానాలో మల్లుల జుట్టు దువ్విన ఇసోకిచి, డబ్బా మూత తీసి చూసి, మూత పెట్టేసి, ఆ తరవాత అల్లుడి ముఖం చూడలేదు.

* * *

ఇవాళ హాల్లో ఎవరిదో పెళ్ళి. ఆట లేదు. అందుకే హోటల్ నుంచి మురాసె ఇంటికే వచ్చాడు. వినోద కార్యక్రమాలన్నీ చూసే ముప్పై అయిదేళ్ళ కుర్ర అధికారి. గుమ్మంలో బూట్లు విప్పి, వాటి మొనలు వీధివైపు తిరిగేలా సర్ది, మిఠాయి పెట్టె రెండు చేతులతో అందించాడు.

"వచ్చే ఆదివారం నుంచి విగ్గుతో ఆట మొదలు కదండీ. కొత్త కరపత్రం అచ్చుకి వెళ్ళే ముందు మీరొకసారి చూస్తే బాగుంటుందని."

కాగితం చాప మీద పరిచాడు. నిగనిగలాడే రంగులు. మధ్యలో ఫోటో. ఈ గదిలోనే, కినుయో అమ్మ పటం పక్కన ఇరవై ఏళ్ళుగా వేలాడుతున్న ఫోటో అది. పడుచు మసునోరి, తల మీద ఆకు సిగ, బరి అంచున వంగి, చల్లడానికి చేతిలో ఉప్పు పట్టుకుని ఉన్నాడు. కింద పెద్ద అక్షరాల్లో: మాజీ మకునోఉచి మల్లుడు హమషిగురె. హమషిగురె మసునోరి బరి పేరు; మకునోఉచి సుమోలో అన్నిటికంటే పై శ్రేణి.

కినుయో టీ గిన్నె కింద పెట్టింది.

"ఇందులో ఒక మాట తప్పు పడింది."

"ఏ మాటండీ?"

"మకునోఉచి కాదు. దానికి రెండు శ్రేణుల కింద, మకుషిత."

మురాసె నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. "అదా! ఒక్క మాటే కదండీ. తెర లోపల అంటే ఏంటి, తెర కింద అంటే ఏంటి, ఎక్కడెక్కణ్నుంచో వచ్చేవాళ్ళకి ఏం తెలుస్తుంది చెప్పండి?"

"మీ హోటల్లో కొన్ని గదులకి కిటికీ తీస్తే పక్క బిల్డింగు గోడ కనిపిస్తుంది కదా?"

"కొన్నిటికి... అవును."

"వాటికి నది కనిపించే గది అని రాస్తారా? ఎక్కడెక్కణ్నుంచో వచ్చేవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

"అది మోసమవుతుందండీ."

"కదా," అంది కినుయో. మిఠాయి పెట్టె విప్పకుండానే పక్కకి జరిపింది.

మసునోరి గొంతు సవరించుకున్నాడు. "కినుయో, ఆయన అతిథి."

"అందుకే టీ ఇచ్చాను."

మురాసె చెవులు ఎర్రబడ్డాయి. "అమ్మా, ఇది మేం కల్పించింది కాదు. ఉద్యోగంలో చేరినప్పుడు మియొరి గారే చెప్పారు. ఫోటో కూడా ఆవిడే ఇచ్చారు. మేం దాన్నిబట్టే మొత్తం తయారు చేశాం."

వెనక తలుపు దగ్గర మియొరి నిలబడి ఉంది. ఆ హాల్లో మైకు పట్టుకుని, వచ్చినవాళ్ళ భాషలో తండ్రిని పరిచయం చేసేది తనే. పంతొమ్మిదేళ్ళు. మెడలో హోటల్ బిళ్ళ ఇంకా కొత్తగానే ఉంది.

"అవును, నేనే చెప్పాను," అంది. "నిజమే కదా?"

తాతయ్య పేపరు కదిలింది.

"నాన్నా? ఆ ఫోటోలో ఉన్నది మీరే కదా? ఆకు సిగ ఉంది కదా? నిజమే కదా?"

మసునోరి తన మోకాలి వైపు చూసుకున్నాడు. వంగని మోకాలు.

మురాసెకి అర్థమైపోయింది. కాగితం మడవబోయి, మడవలేక, అక్కడే వదిలేశాడు. "రేపు పొద్దున్నే అచ్చుకి పంపాలి. సాయంత్రం ఏడింటికి ఫోన్ చేస్తాను. వీలుకాదంటే చిబా ఊళ్ళో ఇంకో మాజీ మల్లుడు ఉన్నారు, ఆయనకి అభ్యంతరాలేమీ లేవు. ఇంకొక సంగతి... వచ్చే నెల ఎవరి ఉద్యోగాలు ఖాయం చెయ్యాలో ఆ పట్టిక నేనే రాయాలి. మియొరి గారి పేరు కూడా అందులో ఉంది. ఇది బెదిరింపు కాదండీ."

"బెదిరింపు కాకపోతే ఎందుకు చెప్పారు?" అంది కినుయో.

మురాసె వంగి నమస్కరించి, బూట్లు తొడుక్కుని, గొడుగు మరిచిపోయి వెళ్ళిపోయాడు.

* * *

"ఎంతవరకు వెళ్ళారు?" అని అడిగింది మియొరి. తండ్రిని కాదు, గోడ మీది ఫోటోని.

"మకుషిత పదకొండు," అన్నాడు మసునోరి. "అదే నేనెక్కిన పై మెట్టు."

"మరి ఆ సిగ?"

మసునోరి నోరు తెరిచేలోపే ఇసోకిచి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేనే కట్టాను. పై శ్రేణిలో ఒకడికి భుజం జారింది. మనిషి తక్కువైతే కింద నుంచి ఒకణ్ణి పిలుస్తారు. పైవాడితో తలపడే రోజున కిందివాడికి కూడా ఆకు సిగ కడతారు. ఆ ఒక్క రోజుకే. మర్నాడు మళ్ళీ ఉత్త సిగ." పేపరు మళ్ళీ అందుకుంటూ, "గెలిచాడని కూడా చెప్పు మీ నాన్నకి," అన్నాడు.

"ఆయనకి తెలుసు తాతయ్యా!" మియొరి అరిచింది. "మీ అందరికీ తెలుసు. నాకే తెలియదు. ఆ మైకులో రోజుకి ఎనభై మంది ముందు నా నోటితో చెప్పాను!"

"నేను అబద్ధం చెప్పలేదు తల్లీ," అన్నాడు మసునోరి. "నీకు అయిదేళ్ళప్పుడు, ఇది నువ్వేనా అని అడిగావు. 'నేనే' అన్నాను."

"ఆపైన?"

"ఆపైన నువ్వు అడగలేదు."

"మూడో తరగతిలో వ్యాసం రాశాను. 'మా నాన్న ఆకు సిగ మల్లుడు' అని. అమ్మా, అది నువ్వు దిద్దావు. ఎర్ర పెన్సిలుతో. గింకో అన్న మాటలో ఒక గీత తక్కువైందని మళ్ళీ రాయించావు. గుర్తుందా? గీత దిద్దావు. మాట దిద్దలేదు."

కినుయోకి గుర్తుంది. ఆ గీత కూడా గుర్తుంది. పిల్ల ముఖం ఎంత వెలిగిపోతోందో చూసి, ఇంకో ఏడాది ఆగుదాం అనుకుంది. ఏడాదికి ఏడాది కలుస్తూ పోయింది. కూరలో ఉప్పు గింజ ఎక్కువైతే పారబోసే తను, ఆ ఒక్క మాటని పదేళ్ళు గోడకి తగిలించి తుడుస్తూ వచ్చింది.

"తప్పు నాదే," అంది.

మియొరి ఇంకేదైనా జవాబు కోసం సిద్ధపడి వచ్చినట్టుంది. ఇది వినేసరికి ఏం చెయ్యాలో తోచక మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది.

* * *

మధ్యాహ్నం మసునోరి వంటింట్లో కోడిని ముక్కలు కొడుతున్నాడు. ఇంట్లో ఆయన వంట చేస్తే, మనసులో ఏదో నలుగుతోందన్నమాట.

"చిబా ఆయన మీకంటే బరువా?" అడిగింది కినుయో.

"నలభై కిలోలు ఎక్కువ. తలలో ఏమీ లేదు. మంచివాడే."

"సాయంత్రం ఏం చెబుతారు?"

కత్తి ఆగింది. "సరే అని చెబుదామనుకుంటున్నాను."

"పిల్ల ఉద్యోగం కోసమా?"

"అదీ ఉంది." కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. "ఆ రోజు మామయ్యగారు కట్టడం అయ్యాక అద్దంలో చూసుకున్నాను. ఒక్కసారి. ఆపైన పిలుపు వచ్చింది, బరిలోకి వెళ్ళాను, గెలిచాను, వచ్చి స్నానం చేశాను, విప్పేశారు. ఆ విడత పోటీల్లో ఏడు ఆటలకి మూడే గెలిచాను. మెట్లు దిగిపోయాను. తరవాత మోకాలు. ఇకమీదట రోజూ పదకొండింటికి అది తల మీద ఉంటుంది. ఎవరికి నష్టం?"

"ఆట మానేసి సిగ కోయించుకున్న రోజున మీ గురువుగారేమన్నారు?"

"అది ఇప్పుడెందుకు?"

"ఫోటో కోసం ఆకు సిగ కట్టించుకో, ఆఖరి రోజు కదా, ఎవరూ తప్పనరు అన్నారు. ఆచారమే కదా, అందరూ కట్టించుకుంటారు. మీరు వద్దన్నారు. గెలుచుకోనిదాన్ని తల మీద పెట్టి కోయించుకోను, ఉన్నదాన్నే కొయ్యండి అన్నారు. ఆ మాట మా నాన్న ఇంటికొచ్చి చెప్పారు. అది విన్నాకే నేను మిమ్మల్ని చేసుకుంటానన్నాను."

మసునోరి తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు.

"అప్పుడు ఇరవై ఏడు, కినుయో. ఆ వయసులో వద్దనడం తేలిక. ఇంకా ఏవేవో వస్తాయనుకుంటాం. ఇప్పుడు నలభై ఎనిమిది."

"అంటే మీకు అది కావాలి."

"కావాలి."

అంత సూటిగా చెబుతాడనుకోలేదు. అత్యాశ అనడానికి లేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయన ఈ ఇంట్లో తనకోసం అడిగింది ఇదొక్కటే.

ఆమె గుమ్మం దగ్గరికి వెళ్ళింది. విగ్గు తువ్వాలు మీద ఆరుతోంది. ఆకు ఒకవైపు వాలింది. దాన్ని తీసుకుని వెనక గదిలోకి వెళ్ళి, బీరువా అడుగున ఉన్న నాన్న చెక్కపెట్టె బయటికి లాగింది.

పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. మూత తియ్యగానే జుట్టు మైనం వాసన, తియ్యగా, గొంతుకి అడ్డం పడేంత చిక్కగా. చిన్నప్పుడు నాన్న ఇంటికి రాగానే ఒంటి మీద ఉండే వాసన. నాలుగు దువ్వెనలు, వాడివాడి నల్లబడ్డవి. తెల్ల కాగితపు తాళ్ళ చుట్ట. ఈ పని ఆడపిల్లకి ఇవ్వరు. అయినా పదేళ్ళ కినుయో తలుపు సందులోంచి చూసి, చెల్లెలి జుట్టు మీద అన్నీ కట్టి చూసింది. చెల్లెలు ఏడ్చేది, తను కట్టేది.

ఆకుని విప్పింది. దువ్వింది. మైనం అరచేతుల్లో మెత్తబరిచి పూసింది. తాడు ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస చేత్తో బిగించింది. నాన్న ముందు పన్నులో ఒక గాడి ఉంది. నలభై ఆరేళ్ళ తాళ్ళు కోసిన గాడి. తన పన్ను జివ్వుమంది. వదల్లేదు.

* * *

సాయంత్రం ఆరున్నరకి బల్ల మధ్య పొయ్యి మీద కోడి పులుసు ఉడుకుతోంది. మియొరి కిందికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి, కాని జుట్టు దువ్వుకుంది. ఫోన్‌ని బోర్లించి గిన్నె పక్కన పెట్టింది.

ఇసోకిచి మూత ఎత్తి చూశాడు.

"కోడి," అన్నాడు. "రెండు కాళ్ళది."

పోటీ ఉన్న రోజుల్లో తాలింఖానాలో నాలుగు కాళ్ళ జంతువు మాంసం ముట్టరు. చేతులు నేల మీద ఆనిస్తే ఓడినట్టు కదా.

"ఇవాళ ఎవరితో పోటీ?" అని గిన్నెనే అడిగాడు ముసలాయన.

మసునోరి గరిటె తిప్పుతూనే ఉన్నాడు.

కినుయో లేచి వెళ్ళి విగ్గు తెచ్చి బల్ల చివర పెట్టింది. ఆకు లేదు. వెనక నుంచి ముందుకి మడిచి కట్టిన ఉత్త సిగ, నున్నగా, నల్లగా.

గరిటె ఆగింది. మసునోరి దానివైపు చూసి భార్యవైపు చూశాడు. "నేను కావాలన్నాను కదా," అన్నాడు మెల్లిగా.

"విన్నాను."

ఇసోకిచి కళ్ళజోడు పెట్టుకుని విగ్గుని దీపం కిందికి జరుపుకున్నాడు. ఒక పక్క తిప్పాడు. ఇంకో పక్క తిప్పాడు. ఎవరి పెట్టె తెరిచారో, ఎవరి తాడు వాడారో ఆయన్ని అడగనక్కర్లేదు.

"ముడి వేలెడు వెనక్కి పోయింది," అన్నాడు.

"మళ్ళీ కడతాను."

"పళ్ళతో లాగావా?"

"లాగాను."

"ఏ పన్నుతో?"

ఆమె చూపించింది. ఆయన తల ఊపి కళ్ళజోడు తీశాడు.

కినుయో అప్పుడు కూర్చుంది. చాప్‌స్టిక్స్ సమంగా పక్కన పెట్టింది.

"ఆదివారం ఏం జరగాలో చెబుతాను, వినండి. పొద్దున నాన్న ఈ విగ్గుకి ఆకు సిగ కడతారు, ఆ రోజు కట్టినట్టే. మీరు అది పెట్టుకుని వెళతారు. మియొరి ఆ రోజు సంగతి చెబుతుంది. ఉన్నది ఉన్నట్టు. భుజం జారినవాడు, కిందినుంచి పిలుపు, గెలుపు, అన్నీ. ఆ ఒక్క రోజు నిజంగా మీదే. దాన్ని అందరూ చూడనివ్వండి. ఆ తరవాత నేను వచ్చి, వాళ్ళ కళ్ళ ముందే ఆకు విప్పి, ఉత్త సిగ కడతాను. మీరు మీ పేరుతో, మీ మెట్టుతో ఆడండి. మకుషిత పదకొండు."

"నువ్వు బరిలోకి వస్తావా?" ఇసోకిచి గొంతు లేచింది. "ఆడది బరిలో కాలు పెట్టడమా?"

"అది బరి కాదు నాన్నా, హోటల్ తివాచీ. పోయిన వారం దానిమీదే ఆస్ట్రేలియా ఆవిడ మీ అల్లుణ్ణి పడేసి, మీదెక్కి కూర్చుని ఫోటో దిగింది."

మసునోరి ముక్కులోంచి ఏదో చప్పుడొచ్చింది. నవ్వే. నాలుగు రోజుల తరవాత.

"ఆవిడ బరువే," అన్నాడు.

"హోటల్ వాళ్ళు ఒప్పుకోకపోతే?" అంది మియొరి.

"ఒప్పుకోకపోతే విగ్గు వాళ్ళకి పంపేస్తాం. తాడు మాత్రం మనది, విప్పి పంపుతాం."

"నా ఉద్యోగం?"

"పోవచ్చు," అంది కినుయో. "చదవాల్సింది నువ్వు. చదవనంటే నేను ఒక్క మాట అనను."

మియొరి గోడ మీది ఫోటో వైపు చాలాసేపు చూసింది. మసునోరి కూతురి గిన్నె తీసుకుని, కోడి తొడ ముక్క వెతికి వేసి, ఆమె ముందు పెట్టాడు. ఇసోకిచి తన గిన్నె అల్లుడి వైపు చాపాడు.

"కాస్త గట్టి ముక్క వెయ్యి," అన్నాడు. సూటిగా అల్లుడితోనే.

ఫోన్ మోగింది. ఏడు.

మియొరి దాన్ని తిప్పి చూసి, వెన్ను నిటారుగా పెట్టుకుని ఎత్తింది.

"మురాసె గారూ, మియొరిని. అవునండీ, నాన్నగారు ఆదివారం వస్తారు." బల్ల చుట్టూ ముగ్గురూ కదలకుండా కూర్చున్నారు. "కాని కాగితంలో ఒక మాట మార్చాలి. రాసుకుంటారా? మకుషిత. కాదండీ, లోపల కాదు. కింద. తప్పు నాదే, నేనే తెలియక చెప్పాను. ఇప్పుడు తెలిసి చెబుతున్నాను. ఇంకొకటి, అమ్మ కూడా హాల్లోకి వస్తుంది. చూడ్డానికి కాదండీ. కట్టడానికి."

అవతల ఏదో గడబిడ. అవతలి గొంతు మారింది. మియొరి ఫోన్ మీద అరచెయ్యి మూసి తల్లి వైపు తిరిగింది. ముఖం పాలిపోయింది, కాని కళ్ళు దించలేదు.

"వాళ్ళ పెద్దాయన లైన్లోకి వచ్చారు. హోటల్ యజమాని. నీతోనే మాట్లాడాలట. ఇప్పుడే."

కినుయో ఫోన్ అందుకోలేదు. ముందు మియొరి గిన్నె నింపింది. తరవాత తన గిన్నె నింపుకుంది. మూత పెట్టి, మంట తగ్గించింది.

"ఆయన్ని కాసేపు ఆగమను," అంది. "మేం భోంచేస్తున్నాం."